మైనరు వకీలు

మా అక్క కొడుకు వనపర్తిలో ఇంటర్ సెకండియర్, సీఈసీ. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. ఇందులో లా అనే సబ్జెక్టు ఎక్కడా లేదు. ఆ మాట మా అక్కకు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. "పిల్లగాడు ఏం చదువుతుండు?" అని ఎవరడిగినా "లా" అంటుంది. ఇంటర్ కాంగనే లాసెట్ రాస్తడు, ఐదేండ్ల కోర్సుల చేరుతడు, ఈ నడుమ రెండేండ్లు ఒక లెక్కనా అని ఆమె వాదం. ఎంపీసీ పిల్లలు ఇంట్లో బల్బు కూడా మార్చరు. వీడు మాత్రం మొదటి పాఠం నాడే ప్రాక్టీసు పెట్టిండు.

పాలల్ల నీళ్లు కలిపిండని మా నాయన ఒకరోజు పాలాయనను "ఫోర్ ట్వంటీగాడు" అని తిడుతున్నడు. మంచంలోంచే వీడి గొంతు: "తాతా, 420 పోయింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత. ఇప్పుడది 318, సబ్ సెక్షన్ నాలుగు." మా నాయన "మూడొందల పద్దెనిమిదిగాడు" అని రెండుసార్లు అని చూసుకున్నడు. నోరు తిరగలేదు. పాలాయన బతికిపోయిండు.

నిద్ర లేపితే 21వ అధికరణ, వ్యక్తిగత స్వేచ్ఛ. ఫోను గుంజుకుంటే గోప్యత హక్కు, 2017లో తొమ్మిదిమంది జడ్జీల తీర్పు. నీళ్ల బిందె ఎత్తమంటే 23, వెట్టిచాకిరీ నిషేధం. "ప్రాథమిక విధులని పదకొండు ఉంటయి గదరా అల్లుడూ?" అన్న.

"అవి ఛాయిస్‌ల వదిలేసిన మామా."

వాని మీద ఈగ వాలనియ్యదు మా అక్క. "ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి లా చదువలే? మన వనపర్తి నుంచే 1952ల గెలువలే?" అంటది. ఆయన వకాలతు పక్కనబెట్టి గోల్కొండ పత్రిక నడిపిండక్కా అంటే, "నువ్వు చదువలేదని కుళ్లు" అంటది. కుళ్లే. డిగ్రీ అయినంక మూడేండ్ల లా చేద్దామని కొన్న గైడు గద్వాలలో మా ఇంటి అటక మీద ఇప్పటికీ ఉంది. ఎలుకలు దాన్ని నాకంటే ఎక్కువే చదివినయి.

అయితే ఒకటి చెప్పాలి. నాగర్‌కర్నూలులో మా చిన్నాన్న బిడ్డకు పెండ్లి మాటలు. పెద్దమనుషులు తులాలు, లక్షలు అంటున్నరు, నేను కాయితం మీద రాస్తున్న. వీడు మూల నుంచి లేచి, "1961 చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమే. తక్కువల తక్కువ ఐదేండ్లు" అన్నడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఒక పెద్దాయన దగ్గి, "బాబూ, నువ్వు పోయి అన్నం తినుపో" అన్నడు. పిల్ల మాత్రం తలుపు సందులోంచి వాని దిక్కే చూస్తున్నది. నేనేం చేసిన? పెన్ను మెల్లగ జేబుల పెట్టుకున్న. కాయితం చింపలేదు.

ఆ గౌరవం నాలుగు రోజులు కూడా నిలవలేదు. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి. మేకుకు గుచ్చిన అట్టముక్క మీద "వకీల్ సాబ్ 140" అని నూనె మరకల నడుమ రాసి ఉంది. బండాయన పైసలడిగితే వీడు బ్యాగు సర్దుకొని, "కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 11. నాకు పద్దెనిమిది నిండలే. మైనరుతో ఒప్పందం మొదట్నుంచే చెల్లదు, ప్రివీ కౌన్సిల్ 1903లనే తేల్చింది" అన్నడు.

"తినేటప్పుడు మేజరువే గదా. నడువు, ఇంట్ల మేజరు ఎవరున్నరో పిలువు."

మేజరును నేనే. నూటనలభై కట్టిన.

రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో అదే చట్టం తెరిచిన. సెక్షన్ 68: మైనరుకు అవసరమైన సరుకులు ఇచ్చినవాడు మైనరు ఆస్తిలోంచి రాబట్టుకోవచ్చు. మామ ఆస్తిలోంచి అని ఎక్కడా లేదు! బజ్జీ అవసరమా కాదా అన్నది వేరే వాదన, వానకాలమైతే గెలుస్త. వాని ఆస్తి అద్దం పగిలిన ఫోను ఒక్కటే.

తెల్లారి బండి దగ్గరికి పోయి అంతా విప్పి చెప్పిన. ఆయన జల్లిగంటెతో నూనె వారుస్తూ ఓపికగ విన్నడు.

"సార్, పిల్లగాడు మీ దగ్గర నేర్చుకున్నడా, మీరు వాని దగ్గర నేర్చుకున్నరా?" అన్నడు. ముందు పైసలు తీసుకొని, అప్పుడు రెండు బజ్జీలు కట్టిచ్చిండు.