21 గేర్లు, ఒక సెల్లార్ ర్యాంపు

పిల్లల సైకిళ్లకు గేర్లు బిగించాలని మొట్టమొదట ఎవరికి తోచిందో ఆ మహానుభావుల సముఖానికి: పేట్ బషీరాబాద్ కాపురస్తుడు, ఒక ఫ్లాటుకు యజమాని (ఇంకా పదకొండేళ్ల వాయిదాలున్నాయి), ఒక కొడుక్కి తండ్రి అయిన నేను, చేతులు జోడిద్దామంటే రెండిటికీ గ్రీజు అంటి ఉన్నందున వాటిని ఒంటికి దూరంగా చాపి పెట్టుకుని విన్నవించుకునేదేమనగా...

మా వాడి ఎనిమిదో పుట్టినరోజుకు మౌంటెన్ బైకు కొన్నాం. సైకిలనకూడదనీ బైకనాలనీ వాడే నేర్పాడు. మౌంటెన్ అంటే కొండ. పేట్ బషీరాబాద్‌లో కొండ ఎక్కడుందని కొట్టువాణ్ని అడగకపోవడం నా మొదటి తప్పు. మా కాలనీలో ఎత్తైనవి మూడు: స్పీడ్ బ్రేకరు, పైపుకోసం తవ్వి పూడ్చినచోట మిగిలిపోయిన మట్టిగుట్ట, మా అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు. అసలు సిసలు కొండలు కావాలంటే దారి లేకపోలేదు. ఒకప్పుడు 7వ నంబరని, ఇప్పుడు 44వ నంబరని పిలిచే జాతీయ రహదారి మాకు పక్కనే. కొంపల్లి, మేడ్చల్ మీదుగా తొక్కుకుంటూ పోతే నేరుగా శ్రీనగర్ చేరొచ్చు. హిమాలయాల దాకా పోయే రోడ్డు పక్కన కాపురముండి, ఆ లారీలను చూసి కొడుకును గేటు దాటనివ్వని తండ్రిని నేను. ఊరికి అవతలి కొసన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగు రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. మా వాడి సైకిలు అక్కడ తిరగాలంటే ముందు దాన్ని ఎక్కించుకుపోయే కారు కావాలి.

"21 స్పీడ్ సార్" అన్నాడు కొట్టువాడు, ఇరవైయొక్క ఎకరాలు రాసిస్తున్నట్టు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. మూడేళ్లు ఇరవైయొకటి అని ఎక్కం. మూడేళ్లకే ఇరవైయొకటీ పోతాయని మాత్రం ఎక్కాల పుస్తకంలో లేదు.

తరవాత ఒక ఆదివారం కూర్చుని పళ్లు లెక్కపెట్టాను. ముందు పెద్దదానికి 42, చిన్నదానికి 24. వెనక చిన్నదానికి 14, పెద్దదానికి 28. చైను 42 మీదా 14 మీదా ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. 24 మీదా 28 మీదా ఉంటే ఒక్క చుట్టు కూడా పూర్తికాదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ 42కి 28 జతచేసినా, 24కి 16 జతచేసినా ఫలితం ఒకటే, ఒకటిన్నర చుట్లు. అంటే ఇరవైయొక్కమందిలో కవలలున్నారన్నమాట. పైగా పెద్దదానికి పెద్దదాన్ని జతచేస్తే చైను ఏటవాలుగా సాగి కర్రుమంటుంది కనక వాడకూడదట. కవలల్ని, వాడకూడనివాళ్లని తీసేస్తే డజను పైచిలుకు తేలతారు. అందులో మా వాడు వాడేది ఒకే ఒక్కటి. ముందు రెండు, వెనక నాలుగు. కొన్న మర్నాడు ఎక్కడ పెట్టాడో అక్కడే. అర్ధరూపాయి అద్దె సైకిలు తెచ్చి, సీటందక కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కిన మాకు ఆ ఒక్కటే ఉండేది. తెలుగుదేశం పుట్టిన నాటినుంచి గోడలమీద చూస్తున్న సైకిలుకూ గేర్లు లేవు. అయినా అది సెక్రటేరియట్ దాకా వెళ్లింది.

మరి వాడని గేర్లు ఎలా అరిగాయని మీరడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. వాడు మార్చడు గాని, సెల్లార్లో సైకిలు నిలబెట్టి ఉన్నంతసేపూ అపార్టుమెంటులోని సమస్త బాలలూ వచ్చి ఆ మీటలను టకటకలాడించి పోతారు. చైను కదలకుండా నలభైసార్లు గేరు మార్చి, ఆనక తొక్కితే లోపల ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

రోగలక్షణాలివి. కుడిచేతి షిఫ్టర్ వెనక గేర్లది. బొటనవేలితో ఒకసారి నొక్కితే రెండు గేర్లు దూకుతుంది. ఇంకోసారి నొక్కితే టక్కుమని ఊరుకుంటుంది, అర్జీ ముట్టినట్టు రసీదిచ్చి మళ్లీ ఆ ఊసెత్తని ఆఫీసులాగ. ఎడమచేతిది నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, వెనక్కి రాదు.

ఈ టక్కు వెనక చరిత్ర ఉంది. జపాన్‌లోని సకాయ్‌లో 1921లో మొదలైన షిమానో కంపెనీ 1980ల మధ్యలో ఈ మెట్ల పద్ధతిని స్థిరపరిచేదాకా చాలా గేరు సైకిళ్లలో లీవరుకు మెట్లుండేవి కావు. ఫిడేలు విద్వాంసుడు వేలు జరిపి స్వరం పట్టుకున్నట్టు, తొక్కేవాడే లీవరును కొంచెం కొంచెం జరిపి గేరు పట్టుకునేవాడు. ఇప్పుడది హార్మోనియం. మెట్టు నొక్కితే స్వరం పలకాలి. ఒక్కో మెట్టుకు వైరు సరిగ్గా ఇంత అని కొలిచినట్టు లాగాలి, కొన్ని మిల్లీమీటర్ల లెక్క అది. ఆ కొలత కాస్తా లోపలున్న రూపాయి బిళ్లంత పళ్లచక్రం చేతిలో ఉంది. దాని పన్ను ఒకటి అరిగిందంటే కచేరీ అంతా అపశ్రుతే.

మొదట వీధి చివర పంచర్ల కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన చూసి, "వైర్ ఢీలా అయింది సార్, కొత్తదేస్త" అని బ్రేకు వైరు తీశాడు. బ్రేకు వైరు లావు ఒకటిన్నర మిల్లీమీటర్లు, గేరు వైరు 1.2 మాత్రమే అని నాకప్పటికి తెలియదు. అది షిఫ్టర్ రంధ్రంలోకి దూరకపోతే, లోపమేదో నా సైకిలుదే అన్నట్టు చూశాడు. పాత వైరే మళ్లీ బిగించి, బయటి తొడుగు మాత్రం బ్రేకుది వేశాడు. బ్రేకు తొడుగు స్ప్రింగులా చుట్టిన ఇనుము, లాగితే కొంచెం నొక్కుకుపోతుంది. గేరు తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి, పొడవు మారదు. కనక ఆ రోజునుంచి ఉన్న రోగానికి మరొకటి తోడైంది.

రెండోది అద్దాల షోరూము. ఏసీ ఉంది. "షిఫ్టర్ విడిగా రాదు సార్, ఈ మోడల్ బంద్ అయింది. ఎక్స్ఛేంజ్ చేస్కోండ్రి" అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు. ఎంతిస్తారన్నాను. "ఆరు వందలు." తొమ్మిది వేలు పెట్టి కొన్నది! మూడోచోట ఇంకా ఉదారంగా, "గేర్లన్నీ పీకేసి సింగిల్ స్పీడ్ చేస్త, రంది ఉండదు" అన్నారు. నిజానికి మా వాడి జీవనశైలికి అదే తగిన వైద్యం. కానీ ఇరవైయొకటికి డబ్బు కట్టి ఒకటికి దిగడానికి గృహస్థుడి మనసు ఒప్పుకోదు.

నేను ఊరుకునే రకం కాను. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరుతో 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు ఎలక్ట్రానిక్స్, ఫ్రిజ్జుల్లాంటి గృహోపకరణాలు, మోటారు వాహనాలు. ఈ నాలుగు రంగాల్లో మోటారు లేని వాహనం ఏ గది కిందికి వస్తుందో రాత్రి పదకొండింటిదాకా వెతికి పడుకున్నాను. మా ఇంటికి కూతవేటు దూరంలో జీడిమెట్ల పారిశ్రామికవాడ ఉంది. పగలూ రాత్రీ అక్కడ ఏవో యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి. అంత ఇనుము మధ్య కాపురముండి, రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ చక్రం కోసం నేను కోఠి దాకా వెళ్లాను.

కోఠిలో దొరికింది. పెద్దాయన నా పాతదాన్ని తిప్పి చూసి అడిగింది ఒక్కటే: "వెనక ఎన్ని?" ఏడన్నాను. ఏడు మెట్లది తీసిచ్చాడు, అసలు వైరూ అసలు తొడుగూ కలిపి. కుడిచేతిది ఒక్కటే చాలన్నాను. "జోడు తప్ప రాదు బాబూ, చెప్పుల్లాగ." 850 రూపాయలు.

ఇంటికొచ్చి హ్యాండిల్ పిడులను సబ్బునీళ్లతో జారదీసి, కొత్తవి బిగించి, వైరు గట్టిగా లాగి, వెనక చైనును జరిపే ఆ వేలాడే పరికరానికి ముడివేసి, చిన్న మరను పావు చుట్టూ అర చుట్టూ తిప్పుతూ ఏడు స్వరాలూ పలికించేసరికి మధ్యాహ్నం మూడైంది. అన్నం చల్లారిపోయింది. అప్పుడు, ఊరికే, కుతూహలం కొద్దీ, పాత ఎడమచేతి షిఫ్టర్ విప్పి చూశాను. పళ్లన్నీ నిక్షేపంలా ఉన్నాయి. గ్రీజు బంకలా గడ్డకట్టింది, అంతే. కిరసనాయిలు చుక్కలు నాలుగు వేసి కడిగి, కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు వేశాను. టక్. టక్. ఆ రోగం ఖరీదు రెండు రూపాయలు కూడా ఉండదు. ఈ సంగతి మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

కొత్త షిఫ్టర్లు చూపిస్తే మా వాడు, "థాంక్స్ డాడీ. ముందు రెండు, వెనక నాలుగులో పెట్టేశావా?" అన్నాడు.

1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు గేర్లంటే కిట్టేది కాదు. మార్చుకునే గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకే అని ఆయన అభిప్రాయం. ఆ పందెంలో 1937 దాకా వాటిని రానివ్వలేదు. మా వాడికి పదకొండు. నాకు నలభై ఏడు.

మర్నాడు పొద్దున ఆరింటికి, ఎవరూ లేవకముందు, సెల్లార్లోకి దిగి ఆ సైకిలెక్కాను. మోకాళ్లు మోచేతులకు తగులుతున్నాయి. ముందు ఒకటి, వెనక ఒకటి వేసి ర్యాంపు ఎక్కడం మొదలుపెట్టాను. కాళ్లు ఫ్యానులా తిరిగాయి గాని సైకిలు పెళ్లి ఊరేగింపులా కదిలింది. అయితేనేం, కాలు కింద పెట్టకుండా పైకొచ్చాను. పైన వాచ్‌మన్ పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, మీ ప్యాకెట్లు ఇయ్యాల్నా, మళ్ల దిగుతరా?"

మళ్లీ దిగాను.