ఆ రెండు తీగలు

డ్రయ్యర్ వెనక రేకు విప్పి, థర్మల్ ఫ్యూజుకి తగిలించి ఉన్న రెండు తీగల్నీ ఊడదీసి, ఒకదానికొకటి మెలేసింది నేనే. పైన టేపు కూడా చుట్టాను. మీట నొక్కగానే డ్రమ్ము తిరిగింది. గెలిచాననుకున్నాను.

తీగలు మెలేసేదాకా చేసిందంతా సవ్యమే. అమెరికా ఇళ్లలో కరెంటు డ్రయ్యర్‌కి 240 వోల్టులు కావాలి, మామూలుగా 30 ఆంపియర్ల జంట బ్రేకరు ఉంటుంది. దాన్ని పూర్తిగా కిందికి దించి మళ్లీ ఎత్తాను. తలుపు స్విచ్చి టిక్కుమంటోంది. ప్లగ్గు పీకి మల్టీమీటరు పెట్టి చూస్తే ఫ్యూజు తెగిపోయి ఉంది. చిన్న ప్లాస్టిక్ ముక్క. లోపలి గాలి వేడి హద్దు మీరితే తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. మా మోడల్లో అది పోతే మోటారుకే కరెంటు అందదు. కొత్తది వచ్చేదాకా ఆగాలి. బయట మంచు, ఇంట్లో పసిపిల్ల బట్టల గుట్ట.

కానీ నా తొందరకి మూలం ఆ గుట్ట కాదు. మా ఊళ్లో పింగాణీ ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే నాన్న పాత వైరులోంచి రాగి పోగులు లాగి చుట్టేవాడు. లైటు వెలిగేది, అందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఫ్యూజు పోవడమే జబ్బన్న నమ్మకం నాలో అప్పుడే నాటుకుంది. అదెందుకు పోయిందని, ఇంజనీరింగు చదివి కూడా, నన్ను నేను అడగలేదు.

అడిగింది అమ్మ. పిల్లని చూడ్డానికి వచ్చి ఉంది. డ్రయ్యర్ మీద చెయ్యి వేసి, "ఇదేంట్రా ఇంత కాలుతోంది? బట్టలు చూస్తే ఇంకా చెమ్మగానే ఉన్నాయి" అంది.

వేడి ఉంది, ఆరడం లేదు. అంటే తడిగాలి బయటికి పోవడం లేదు. వెనక గొట్టం ఊడదీస్తే, నాలుగంగుళాల దారి నిండా బట్టల పీచు అట్టకట్టుకుపోయి ఉంది. డ్రయ్యర్‌లో పీచు పట్టే జల్లెడ ప్రతిసారీ దులుపుతున్నాం కదా, చాలనుకున్నాను. గోడలోపలి గొట్టం ఎంత పొడవో, ఎన్ని మలుపులు తిరిగిందో ఏనాడూ చూడలేదు. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి సాధారణంగా 35 అడుగులు దాటనివ్వదు, ఒక్కో లంబకోణపు మలుపుకి మరో 5 అడుగులు తగ్గించమంటుంది. పీచు మొదట పేరుకునేది ఆ మలుపుల్లోనే.

అమెరికా ప్రభుత్వ అగ్నిమాపక విభాగం 2008–2010 లెక్కల్లో, ఇళ్లలో ఏటా 2,900 దాకా డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరిగాయనీ, కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడమేననీ ఉంది. అది చదివాక వణుకు పుట్టింది. మంటని ఆపడానికి పెట్టిన అడ్డుని నా చేత్తో నేనే తీసేసి, పిల్లని పైగదిలో పడుకోబెట్టాను.

మెలేసిన తీగలు విప్పాను. గొట్టం మొత్తం శుభ్రం చేశాకే కొత్త ఫ్యూజు పెట్టాను.

మొన్న ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. వాళ్ల డ్రయ్యర్ కదలడం లేదట, ఏ తీగలు కలపాలో చెప్పమన్నాడు. కలపొద్దని గట్టిగా చెప్పాను. కొత్త ఫ్యూజు తెప్పించమన్నాను. ఈలోగా ప్లగ్గు తీసేసి, వెనక గొట్టం, గోడ బయటి మూత రెండూ విప్పి, లోపలికి టార్చి వేసి చూడమన్నాను.