గడువు బావగారు

గడువు బావగారికి వస్తువుతో పని లేదు, గడువుతోనే పని. ఏదైనా సరే, "వచ్చే నెల నుంచి దొరకదట" అన్నారంటే దాని మీద ఆయనకు ఎక్కడ లేని మమకారం పుట్టుకొస్తుంది. ఈయన కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు, శాన్ రామన్‌లో ఉంటాడు, మిల్పిటాస్‌లోనూ ఉంటాడు. అందరికీ ఒకటే బట్టతల, ఒకటే ఎలక్ట్రిక్ కారు, షాద్‌నగర్ అవతల ఒకటే రెండు వందల గజాల ప్లాటు. జీవితంలో ఈయన చేతుల మీదుగా ప్రాణం పోయిన జీవి దోమ ఒక్కటే. అదీ బ్యాటుతో.

2023 జూలై 20న మన కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వార్త ఇంకా సగం మందికి చేరకముందే బావగారు ఇండియన్ స్టోర్‌లో బండి తోస్తున్నాడు. ఇంటికి ఒక్క బస్తాయే అని షాపువాడు కాగితం అంటిస్తే, అక్కయ్యను ఒక సంసారంగా, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారిని ఇంకో సంసారంగా వేర్వేరు వరసల్లో నిలబెట్టాడు. గ్యారేజీలో సోనా మసూరి దూలం ఎత్తున పేరింది. ఆ నెలలోనే డాక్టరు షుగరు చూసి అన్నం మానెయ్యమన్నాడు. మరుసటేడు నిషేధం ఎత్తేసేనాటికి ఆ బస్తాలను పురుగులు అనుభవిస్తున్నాయి.

అలాంటి మనిషి చెవిన 2025 అక్టోబరులో ఇంకో వార్త పడింది. కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. చిన్న ముక్క ఒకటి తగిలిస్తే మెషిన్‌గన్‌లా ఆగకుండా పేలే తరహా పిస్టళ్లను 2026 జూలై 1 నుంచి డీలర్లు అమ్మకూడదు. ఆ తరహాకి పెద్దన్న గ్లాక్. ఇప్పటికే ఉన్నవాళ్లు ఉంచుకోవచ్చు. ఈ చివరి వాక్యం దగ్గరే బావగారికి నిద్ర పట్టలేదు.

"ఇప్పుడు కొనకపోతే ఈ జన్మలో కొనలేమే!" అన్నాడు.

"ఈ జన్మలో ఎప్పుడు కొందామనుకున్నారేమిటి?" అంది అక్కయ్య.

ప్రశ్న న్యాయమైనదే. హెచ్‌వన్ వీసా మీద ఉన్నన్నాళ్లూ, వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ఈయన్ని తుపాకీ కొననివ్వదు. అన్నేళ్లలో ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. గ్రీన్‌కార్డు వచ్చాకా గుర్తుకు రాలేదు. హక్కు వచ్చినప్పుడు కలగని ఆనందం, అందులో ఒక మూల కోసేస్తున్నారని తెలియగానే బాధగా వచ్చింది.

బాధ వస్తే బావగారు ఎక్సెల్ తెరుస్తాడు. తుపాకీ ధర ఒక గడి. దాని మీద మామూలు అమ్మకం పన్ను కాక, 2024 జూలై నుంచి కాలిఫోర్నియా వేస్తున్న 11 శాతం ప్రత్యేక పన్ను ఇంకో గడి. డబ్బు కట్టాక పది రోజులు ఆగితే గానీ చేతికివ్వరు కాబట్టి, జూలై 1 నుంచి వెనక్కి లెక్కేసిన తేదీ ఎర్ర రంగులో. అన్నీ నింపాక, తెలిసిన లాయరుకి ఫోన్ చేశాడు. ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవడాన్ని మొత్తంగా నిషేధించడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 2008లోనే హెల్లర్ కేసులో తేల్చేసిందని, గ్లాక్ కాకపోతే ఇంకో కంపెనీది ఎప్పుడైనా కొనుక్కోవచ్చని ఆయన ధైర్యం చెప్పాడు. బావగారు నీరసపడిపోయాడు. ఎప్పుడైనా దొరికేదాన్ని ఇప్పుడెందుకు కొనడం?

ఈ జబ్బు మన బావగారొక్కడిదే అనుకుంటే పొరపాటు. అసలు అమెరికన్లకే ఇది పాత రోగం. ఒబామా గెలిచినప్పుడల్లా తుపాకీలు లాగేసుకుంటాడన్న భయంతో జనం దుకాణాల మీద పడ్డారు. ట్రంప్ గెలిచాక ఆ భయం పోయింది, దాంతో బేరాలూ పోయాయి. 1816లో పుట్టిన రెమింగ్టన్ కంపెనీ అప్పుల బరువుకి ఈ మందగమనం కూడా తోడై 2018లో దివాలా పిటిషన్ వేసింది. కెనడాలో 2022 మే నెలాఖరున చేతి తుపాకీల అమ్మకం ఆపేస్తామని అప్పటి ప్రధాని ట్రూడో ప్రకటిస్తే, ఆ నిలుపుదల అక్టోబరులో అమల్లోకి వచ్చేలోగా షాపుల్లో అరలు ఖాళీ అయ్యాయి. తుపాకీల వ్యాపారికి తుపాకీలంటే గిట్టని నాయకుణ్ణి మించిన సేల్స్‌మన్ లేడు. జీతం కూడా అడగడు.

ఎంత నీరసపడినా గ్లాక్ గడువు బావగారిని వదల్లేదు. కాలిఫోర్నియాలో తుపాకీ కొనాలంటే ముందు భద్రతా పరీక్ష పాసవ్వాలి. పాతిక డాలర్ల ఫీజు, ముప్పై ప్రశ్నలు, ఇరవై మూడు సరిగ్గా రాస్తే చాలు. చాలు అనే మాట బావగారి డిక్షనరీలో లేదు. ఒకప్పుడు ఎంసెట్‌లో రెండు మార్కుల తేడాతో కోరుకున్న కాలేజీ పోగొట్టుకున్న గాయం ఇంకా పచ్చిగానే ఉంది. మాన్యువల్ ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, మూడు రంగుల హైలైటర్లతో చదివాడు. నెగెటివ్ మార్కులున్నాయా అని తుపాకీల షాపు కౌంటర్‌లో అడిగితే, అక్కడివాడు ఉద్యోగంలో చేరాక ఇలాంటి ప్రశ్న వినలేదన్నాడు. ముప్పైకి ముప్పై వచ్చాయి. సర్టిఫికెట్ అయిదేళ్లు చెల్లుతుంది. "ఇందులో ర్యాంకులు ప్రకటించరా?" అన్నాడు బావగారు.

"ఇంతకీ తుపాకీ ఎందుకండీ?" అంది అక్కయ్య ఆ రాత్రి.

"మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలందరికీ తెలుసు."

"మన బంగారం బ్యాంకు లాకర్లో ఉంది కదా?"

"ఉందనుకో, దొంగకి ఆ సంగతి తెలియదుగా!"

"అయితే వాడొచ్చినప్పుడు మీరేం చేస్తారు?"

బావగారు వరస చెప్పాడు. తుపాకీ తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, అది చట్టం. కాబట్టి ముందు కళ్లజోడు వెతుక్కోవాలి. తరవాత పెట్టె తాళం తియ్యాలి. అప్పుడు... "అప్పటికి వాడు ఫ్రిజ్‌లో పెరుగన్నం కూడా తినేసి వెళ్తాడు" అంది అక్కయ్య.

ఆ ఎక్సెల్‌లో ఒక వరసను మాత్రం బావగారు హైడ్ చేసి పెట్టాడు. అక్కయ్య లాప్‌టాప్ తీసుకుని దాన్ని తెరిచింది. "ఇంట్లో పదిహేనేళ్ల పిల్లాడు" అని ఉంది, ఎదురుగా గడి ఖాళీ. అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఈ లెక్క బావగారికి తెలుసు, తెలుసు గనకే ఆ వరస కనిపించకుండా దాచాడు. దొంగ భయానికి అంకెలు దొరికాయి, ధరకి దొరికాయి, ఈ గడిలో వెయ్యడానికి ఏ అంకే చేతికి రాలేదు. అక్కయ్య ఏమీ అనలేదు. ఫైలు సేవ్ చేసి, ఆ వరసను అన్నిటికంటే పైకి జరిపి వెళ్లిపోయింది.

బావగారు కొన్నాడా అంటారా? నిజం చెప్పాలంటే ఆయన భయం దొంగ గురించి కాదు. పక్కింటి బావగారు కొనేసి, గడువు దాటిపోయి, తను మిగిలిపోతాడేమోనని. మొదట కొన్నవాడు కావడం ఆయనకు ఇష్టం లేదు, చివర మిగిలినవాడు కావడం అసలే ఇష్టం లేదు. అందుకే మొన్న పాట్‌లక్‌లో గుత్తివంకాయ వడ్డించుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఏం బావగారూ, ఆ గ్లాకు సంగతేమైనా ఆలోచించారా?"

"ఆలోచించడమేమిటి, ముప్పైకి ఇరవై తొమ్మిది వచ్చాయి!" అన్నాడు అవతలాయన, పర్సులోంచి సర్టిఫికెట్ తీస్తూ.

"మరి తుపాకీ?"

"మీరు కొంటే చూసి కొందామని."

పెరుగు గిన్నె దగ్గరున్న ఇంకో ఇద్దరు బావగార్లు కూడా పర్సులు తీశారు. సర్టిఫికెట్లు నాలుగు, తుపాకీలు సున్నా. అందరూ ఒకరి మార్కులు ఒకరు చూసుకుంటుంటే, అక్కయ్య పళ్లేలు తీసేస్తూ అంది: "నాలుగూ లామినేషన్ చేయించి వీధి తలుపుకి అంటించండి. ఇంతింత చదివినవాళ్ల ఇళ్లని తెలిస్తే దొంగలే భయపడతారు."