చివరి రీలులో క్షమాభిక్ష

తెలుగు కుటుంబ కథా చిత్రంలో తండ్రి రెండు గంటలపాటు తప్పు చేస్తాడు, పది నిమిషాలు కళ్లు తుడుచుకుంటాడు, ఆపైన పెళ్లిపందిట్లో అక్షింతలు వేస్తాడు. దీన్నే పోస్టర్ల మీద ‘ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం’ అని వేస్తారు. ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనేది తండ్రే కనుక ఆయనకు శిక్ష పడే కథ రాయడం వ్యాపారరీత్యా దండగ. ఈ సర్దుబాటుకు సినిమావాళ్లు పెట్టుకున్న పేరు ‘విలువలు’.

ఈ శాస్త్రానికి ప్రామాణిక గ్రంథం 2006లో భాస్కర్ దర్శకత్వంలో వచ్చిన ‘బొమ్మరిల్లు’. ప్రకాష్‌రాజ్ వేసిన అరవింద్ కొడుకు తొడుక్కునే చొక్కా మొదలుకొని కట్టుకోబోయే పిల్ల దాకా అన్నీ తానే ఎంచుతాడు. కొట్టడు, తిట్టడు. అడిగింది ఇవ్వడమే కాదు, అడగనిదీ తెచ్చి చేతిలో పెడతాడు. ఎదురు చెప్పడానికి సందు దొరకని ప్రేమ అది. చివరికి కొడుకు వేషంలో సిద్ధార్థ్ బద్దలై, నడక నేర్పడానికి పట్టుకున్న చెయ్యి ఇంకా వదలనే లేదని నిలదీస్తాడు. ఆ సన్నివేశం బాగుంటుంది, అందులో దొంగతనమేమీ లేదు. వ్యవహారం చెడేది ఆ తర్వాత. ఏళ్ల తరబడి ఎముకల్లోకి ఇంకిన అలవాటు ఒక్క మాటల దెబ్బకు మాయమైపోతుంది. మారిన తండ్రి ముందుగా చేసే పని ఏమిటయ్యా అంటే, కొడుకు ప్రేమించిన హాసిని తండ్రిని ఒప్పించే బాధ్యత తనే నెత్తిన వేసుకోవడం. అంటే కొడుకు పెళ్లి వ్యవహారం తిరిగి ఆయన చేతుల్లోకే వచ్చిందన్నమాట. కళ్లు తుడుచుకునే హడావిడిలో ఈ సంగతి హాల్లో ఎవరికీ తట్టలేదు.

ఆ సినిమా పుణ్యమా అని తండ్రులకు ఒక వెసులుబాటు కూడా దొరికింది. కొడుకు ఏ కాలేజీలో చేరాలో, ఏ బ్రాంచి తీసుకోవాలో, ఎన్నింటికి ఇంటికి రావాలో తేల్చేసిన పెద్దమనిషి కూడా ‘నేనేమన్నా బొమ్మరిల్లు ఫాదర్‌నా?’ అని నవ్వుతూ అడుగుతుంటాడు. ఇంట్లో ఎవరూ జవాబు చెప్పరు.

ఆడవాళ్ల ఖాతా వేరు. తండ్రి తప్పును ప్రేమ పద్దులో రాస్తారు, తల్లి తప్పును గయ్యాళితనం పద్దులో రాస్తారు. 1962లో కమలాకర కామేశ్వరరావు తీసిన ‘గుండమ్మ కథ’ చూస్తే ఈ లెక్క తేటతెల్లమవుతుంది. సూర్యకాంతం వేసిన గుండమ్మ సవతి కూతురు లక్ష్మి చేత ఇంటెడు చాకిరీ చేయించి, సొంత కూతురు సరోజను గారాబం చేస్తుంది. తప్పే, కాదనేవాళ్లు లేరు. అందుకు తగ్గ శాస్తి ఛాయాదేవి వేసిన దుర్గమ్మ రూపంలో వస్తుంది. తన గయ్యాళితనాన్ని తలదన్నే గయ్యాళితనం చేతిలో గుండమ్మ నానా అవమానాలూ పడ్డాక గానీ ప్రేక్షకుడి కడుపు చల్లబడదు.

అదే సినిమాలో ఇంకో తండ్రి ఉన్నాడు. ఎస్వీ రంగారావు వేసిన జమీందారు రామభద్రయ్య. ఆయన కొడుకులిద్దరూ ఆయన ఆశీస్సులతోనే మారువేషాల్లో గుండమ్మ కొంప మీద పడతారు. పెద్దవాడు నిక్కరు తొడుక్కుని పనివాడిగా చేరి, రుబ్బురోలు దగ్గర కూర్చుని, లక్ష్మిని పెళ్లాడతాడు. చిన్నవాడు సరోజ మనసు దోచి పెళ్లి చేసుకుని, ఆనక తాను కటిక పేదవాణ్నని నమ్మించి ఆ పిల్ల చేత తోటపని చేయిస్తాడు. భర్త పోయిన ఒక మనిషి ఇంట్లో ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు అబద్ధాల మీద జరిగిపోతే, ఆ తతంగానికి పెద్దదిక్కయిన జమీందారు చిరునవ్వు చెక్కుచెదరదు. అరవై ఏళ్లు దాటినా ఆయన్ని తప్పు పట్టినవాళ్లు అరుదు. సినిమా గొప్పదే. సూర్యకాంతం మూలంగా మరీ గొప్పది. పేరుకు కథ గుండమ్మది, బుద్ధి చెప్పే హక్కు మాత్రం జమీందారుది. 2019 నాటి ‘ఎఫ్2’ దాకా వచ్చేసరికి భార్యలూ అత్తగారూ కలిసి మగవాడికి సంక్రమించే ఒక జబ్బుగా స్థిరపడ్డారు.

‘నచ్చని పాత్రలుంటే జనం రారు’ అన్నది ఈ వ్యాపారంలో తిరుగులేని సిద్ధాంతం. దీన్ని అటకెక్కించడానికి ఒక్క లక్ష్మీపతి చాలు. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు వేసిన ఈ ఆడపిల్ల తండ్రి, కోడిని చూరుకు తాడుతో వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం ముద్దలు మింగుతాడు. ఆ ముద్ద నోట్లోకి పోయేటప్పుడు మొహంలో కనిపించే తృప్తి, కోడికూర నిజంగా తిన్నవాడి మొహంలో కూడా కనిపించదు. బట్టలు అరిగిపోతాయని వార్తాపత్రిక చుట్టుకుని తిరుగుతాడు. ఈ పిసినారితనం వెనక ఏదో చిన్ననాటి గాయం ఉందని, మనసు మాత్రం వెన్నపూస అని సినిమా ఎవర్నీ బతిమాలుకోదు. అతను నచ్చనక్కర్లేదు, అర్థమైతే చాలు. జనం వచ్చారు, కడుపుబ్బ నవ్వారు, టీవీలో వేస్తే ఇప్పటికీ నవ్వుతున్నారు. 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’లో మురళీశర్మ వేసిన వాల్మీకి ఇంకో మెట్టు పైన ఉంటాడు. సొంత కొడుకు షావుకారు ఇంట్లో పెరగాలని ఆసుపత్రిలోనే పిల్లల్ని తారుమారు చేసి, తెచ్చుకున్నవాణ్ని పాతికేళ్లు చులకనగా పెంచుతాడు. ఆ పండక్కి హాళ్లు నిండిపోయాయి. తండ్రి నచ్చలేదని లేచి వెళ్లిపోయినవాళ్లెవరూ లేరు.

2013లో వచ్చిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో తమాషా వేరే రకం. ఊరంతటినీ చూసి నవ్వే తండ్రి, చిరాకు తప్ప ఉద్యోగం లేని పెద్దోడు, ఉద్యోగమూ చిరాకూ రెండూ లేని చిన్నోడు. ఈ ఇంట్లో సంపాదన మాటేమిటని అడిగే ఒకే ఒక్క మనిషి రావు రమేష్ వేసిన బంధువు. అడిగిన పాపానికి అతనే దుర్మార్గుడయ్యాడు.

పిల్లల పెంపకానికి సంబంధించిన తాజా పాఠం 2025 నాటి ‘సంక్రాంతికి వస్తున్నాం’. అందులో కథానాయకుడి కొడుకు బుల్లిరాజు తండ్రిని ఎవరన్నా ఒక్క మాటంటే చాలు, బూతులు లంకించుకుంటాడు. దోషం ఓటీటీదని తేల్చారు. పిల్లాడి చేతికి రిమోటు ఇచ్చిందెవరన్న విచారణ జరగలేదు. జరిగితే కామెడీ చెడిపోతుంది, పైగా ఇంటిల్లిపాదీ కూర్చున్న హాల్లో కొందరు సీట్లలో ఇబ్బందిగా కదలాల్సి వస్తుంది.

కుటుంబ చిత్రాలు రాసేవారికి ఒక విన్నపం. తండ్రిని లక్ష్మీపతిలా పిసినారిగానో, అరవింద్‌లా మొండిగానో నిరభ్యంతరంగా రాయండి. ఆ చివరి పది నిమిషాల కన్నీళ్లు మాత్రం కత్తిరించండి. సినిమా నిడివీ తగ్గుతుంది, ఇంటికెళ్లాక తండ్రీకొడుకులు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.