బేస్‌మెంట్‌లో వంటనూనె

అమెరికా ఈశాన్యపు మూల ఇల్లు కొనుక్కున్నవాడు తనకు తెలియకుండానే చమురు వ్యాపారంలోకి దిగుతాడు. ఈ సంగతి ఇల్లు చూపించే ఏజెంటమ్మ చెప్పదు. వంటగట్టు గ్రానైటని చెబుతుంది, పెరట్లో మేపుల్ చెట్టుందని చెబుతుంది. బేస్‌మెంట్ మెట్లు దిగేటప్పుడు మాత్రం ‘తల జాగ్రత్త’ అని మాట మార్చేస్తుంది. కింద మూలన 275 గ్యాలన్ల ఇనుప ట్యాంకు నిలబడి ఉంటుంది. మన లెక్కలో వెయ్యి లీటర్ల పైమాటే. హైదరాబాదులో ఇంట్లో అంత చమురు పెట్టుకుంటే పోలీసులొస్తారు. ఇక్కడ కనెక్టికట్‌లో పెట్టుకోకపోతే ప్లంబరొస్తాడు, గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలాయని. ఇద్దరిలో ప్లంబరే ఖరీదు.

అమెరికా మొత్తం మీద సుమారు 50 లక్షల ఇళ్లు ఇలా చమురు కాల్చుకుని చలికాలం గడుపుతాయి. అందులో అయిదింట నాలుగు వంతులు ఈ ఈశాన్య రాష్ట్రాల్లోనే. హార్ట్‌ఫర్డ్ ఇన్సూరెన్సు కంపెనీల్లో కోడు రాసుకుంటూ ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లలో నేనొకణ్ణి కాబట్టి ఆ లెక్కలో నేనూ ఉన్నాను. మనవరాలు పుట్టిందని మా అమ్మా నాన్నగారూ సరిగ్గా జనవరికి కాకినాడ నుంచి వచ్చారు. కాకినాడలో ఇంటిని వేడిచేసే పని ఎండే చూసుకుంటుంది కాబట్టి, ఆ పనికి డబ్బులిస్తారన్న విషయమే వాళ్లకి కొత్త.

నాన్నగారు విద్యుత్ బోర్డులో ఇంజనీరుగా రిటైరయ్యారు. చమురు లారీ వచ్చిందంటే మంకీ క్యాపు పెట్టుకుని బయటికి వెళ్లిపోతారు. డ్రైవరు గొట్టం లాక్కొచ్చి ఇంటి గోడకున్న పైపుకి బిగిస్తాడు. చమురు పడుతున్నంతసేపూ ట్యాంకులోని గాలి ఒక చిన్న ఈల గుండా బయటికి పోతుంది. ఈల మోగినంతసేపు పొయ్యాలి, ఆగగానే ఆపాలి. వందల గ్యాలన్ల వ్యవహారం ఒక ఈల మీద నడుస్తోందని నాన్నగారికి మహా ముచ్చట. పైగా ఆ చమురు ఎర్రగా ఉంటుంది. అసలుకి అది డీజిలే, రోడ్డు పన్ను కట్టని డీజిలు. దొంగతనంగా లారీలో పోసుకుంటే పట్టుబడాలని రంగు కలుపుతారు. దొరికితే జరిమానా వెయ్యి డాలర్లు, లేదా గ్యాలనుకి పది చొప్పున, ఏది ఎక్కువైతే అది. “మన రేషన్ కిరోసిన్‌కి నీలం కలిపేవాళ్లు కదురా, ఇదీ అంతే” అన్నారాయన. అమెరికా ఆయనకి ఆ క్షణంలో అర్థమైపోయింది.

ఇంతలో చమురు కంపెనీ నుంచి ఉత్తరం. ఇకనుంచి మీకు పోసేది ‘బీ20’ అని. అంటే నూటికి ఇరవై పాళ్లు బయోడీజిలు, మిగతాది మామూలు చమురు. నిజానికి ఇక్కడ చట్టం ప్రకారం 2022లోనే అయిదు పాళ్లు కలపడం మొదలైంది. ఆ అయిదూ ఎవరికీ తెలియలేదు. ఇరవై అనేసరికి ఇంట్లో సభ జరిగింది.

“బయో అంటే ఏవిట్రా?” అంది అమ్మ.

“నూనెలతో చేసిందమ్మా. సోయా నూనె, హోటళ్లలో వేయించగా మిగిలిపోయిన నూనె...”

“మిగిలిపోవడం ఏవిటి?”

ఆవిడ ప్రశ్న న్యాయమైనదే. మా ఇంట్లో నూనె మిగలదు, ఉద్యోగం మారుతుంది. గారెలు వేసిన నూనె మర్నాడు వంకాయ వేపుడులోకి వెళుతుంది, అక్కణ్ణించి పోపులోకి, ఆఖరి చెంచాడు తలుపు బందులకి. 2018లో మన ఆహార భద్రతా సంస్థ మరిగిన నూనె ఎంత పాడయ్యేదాకా వాడుకోవచ్చో హద్దు పెట్టి, హోటళ్ల నుంచి దాన్ని సేకరించి బయోడీజిల్ చేయించే పథకం మొదలెట్టింది. ఈ సంగతి అమ్మకి నేను చెప్పలేదు. తన మూకుడు మీద కేంద్ర ప్రభుత్వం కన్ను పడిందని తెలిస్తే ఆవిడకి నిద్రపట్టదు.

నాన్నగారికి మాత్రం వేరే ఆలోచన తట్టింది. “1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనుని వేరుశనగ నూనెతో నడిపారురా. పల్లీనూనె ఇంజను తిప్పగా లేనిది, మీ అమ్మ గారెల నూనె ట్యాంకులో పోస్తే ఇల్లు వెచ్చబడదూ?”

చరిత్ర వరకు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చిక్కల్లా బర్నరుతోనే. అది చమురుని సన్నటి బెజ్జంలోంచి మంచులా చిమ్మి వెలిగిస్తుంది. వంటనూనె చిక్కన, ఆ బెజ్జంలోంచి సరిగ్గా చిమ్మదు, సగం కాలి మసి కడుతుంది. అందుకే దాన్ని మిథనాలుతోనూ కాస్త క్షారంతోనూ కలిపి విరగ్గొడతారు. నూరు కిలోల నూనెకి పది కిలోల మిథనాలు పోస్తే, దరిదాపు నూరు కిలోల బయోడీజిలు పైకి తేలి, పది కిలోల గ్లిజరిను అడుక్కి దిగుతుంది. ఇంతేనా, ఇంట్లోనే చేద్దాం అన్నారాయన. మిథనాలు విషం, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, మన బేస్‌మెంట్‌లో బాయిలరు మంట పగలూ రాత్రీ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది అని చెప్పాను. అగ్నిమాపక శాఖవారితో పరిచయం పెంచుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

అంతటితో అయిపోయేదే. అమ్మ ఊరుకోలేదు. “నూనెలేనా, ఇంకేమన్నా కలుస్తాయా?”

“కొవ్వు కూడానమ్మా.”

“ఏ కొవ్వు?”

పొయ్యి మీద పాలు లేకపోయినా మా ఆవిడ పాలు చూసొస్తానని లేచి వెళ్లింది. నేను బయట మంచు చూశాను. కబేళాల నుంచి వచ్చే కొవ్వు బయోడీజిలుకి మంచి ముడిసరుకే, ఎక్కడా దాచిన విషయం కాదు. కానీ మన తల్లికి మనం చెప్పాలంటే ఆ మాట నోట్లోంచి రాదు. అమ్మ చూపు మెల్లగా దేవుడి అలమర మీదికీ, అక్కణ్ణించి దాని కింద గోడ వెంట పోతున్న వేడినీళ్ల గొట్టం మీదికీ వెళ్లింది.

నాన్నగారే అందుకున్నారు. “కాలేది కింద. పొగ చిమ్నీలోంచి పోతుంది. గదిలోకొచ్చేది నీళ్ల వేడి. అగ్నికి మైలేవిటే?”

“మీరు చెప్పాక ఇంకేముంది” అంది అమ్మ. ఆ మాటకి మా ఇంట్లో అర్థం వేరు. మర్నాటికల్లా అలమర గొట్టం లేని గోడకి మారింది. ఇల్లు మొత్తంలో అదే చల్లటి మూల. వేంకటేశ్వరస్వామికి పట్టు ఉత్తరీయం మీద నా కూతురి ఉన్ని మఫ్లరొకటి చేరింది.

బీ20కి అసలు గండం చలి. శీతకట్టులో కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది. సోయాతో చేసిన నికరమైన బయోడీజిలు సున్నా డిగ్రీల దగ్గరే మబ్బు కమ్ముతుంది, కొవ్వుతో చేసింది ఇంకా ముందే. మామూలు చమురుతో కలిస్తే ఆ హద్దు కిందికి దిగుతుంది కాబట్టి బేస్‌మెంట్‌లో ట్యాంకు ఉన్నవాళ్లు హాయిగా నిద్రపోవచ్చు. మాకు కొద్ది దూరంలో ఉండే ఒక తెలుగు కుటుంబానికి ట్యాంకు ఆరుబయట ఉంది. వాళ్లు చలికాలమంతా కిరోసిన్ కలిపించుకుంటారు, వాతావరణ వార్తలు వచ్చేటప్పుడు ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వరు.

రెండో గుణం విచిత్రమైనది. బయోడీజిలు ఒళ్లు దాచుకోకుండా ట్యాంకు కడుగుతుంది. మా ఇల్లు 1960లలో కట్టింది. ట్యాంకు అడుగున దశాబ్దాల మడ్డి పేరుకుని ఉంది, దాని మానాన అది పడుంది. కొత్త చమురు పోసిన కొన్నాళ్లకి అదంతా కదిలి ఫిల్టరులో చేరింది. ఒక అర్ధరాత్రి బర్నరు ఆగిపోయింది. దానికో ఎర్ర మీట ఉంటుంది, ఒకసారి నొక్కాలి. అది అందుకోకపోతే మెకానిక్కుని పిలవాలి, అంతేగాని మళ్లీ మళ్లీ నొక్కకూడదు. నొక్కినప్పుడల్లా కాలని చమురు పొయ్యిలోకి చిమ్ముతుంది, చివరికి వెలిగితే దీపావళే. రెండోసారి నొక్కబోయిన నాన్నగారి చేయి అమ్మ పట్టుకుంది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన విద్యుత్ వ్యవహారంలో ఆవిడ కల్పించుకోవడం అదే మొదటిసారట.

వచ్చిన మెకానిక్కు ఫిల్టరు మార్చి, నాజిలు మార్చి, ముందుగానే మార్పించుకోమని మీ కంపెనీ ఎందుకు చెప్పలేదని నన్నే అడిగాడు. ఆ ఉత్తరంలో పచ్చటి ఆకుల బొమ్మలు ఆరున్నాయి, ఫిల్టరు అన్న మాట ఒక్కటీ లేదు.

వేడి తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. నికరమైన బయోడీజిలులో గ్యాలనుకి సుమారు ఎనిమిది శాతం శక్తి తక్కువ. ఇరవై పాళ్ల మిశ్రమంలో ఆ తేడా ఒకటి రెండు శాతానికి మించదు. నాన్నగారు రోజూ గేజి చూసి పుస్తకంలో రాశారు గానీ, ఆ కాస్త తేడా కన్నా అమ్మ రహస్యంగా థర్మోస్టాట్ పెంచడమే లెక్కలో పెద్దగా కనిపించింది.

చట్టాలు మాత్రం జోరుగానే ఉన్నాయి. రోడ్ ఐలాండ్ 2030కి సగానికి సగం కలపమంది, కనెక్టికట్ 2035కి. న్యూయార్క్ 2030కి ఇరవై పాళ్లంది. చమురు వ్యాపారులే 2019లో ప్రావిడెన్స్‌లో సమావేశమై 2050కి కర్బనం లెక్క సున్నా చేస్తామని తీర్మానించారు. ఇందులో భూమాత మీద భక్తి కొంత, పక్క సందులోకి వచ్చేసిన, కరెంటుతో ఇల్లు వెచ్చచేసే హీట్ పంపు మీద భయం కొంత. భయంతో చేసినా మంచి పని మంచి పనే. బాయిలరు ఇంకా గట్టిగా ఉండి, దాన్ని పీకించే స్థోమత ఇప్పుడే లేనివాడికి, ఇల్లు తవ్వకుండా పొగ తగ్గించుకునే మార్గం ఇదొక్కటే అని నా అభిప్రాయం. వాడేసిన నూనెతో చేసింది దొరికితే మరీ మేలు. దానికోసం ఎవరూ కొత్తగా సోయా చేలు వేయక్కర్లేదు.

కాబట్టి ఈ చలి రాష్ట్రాల్లో చమురు ట్యాంకున్న తెలుగువారికి మనవి. లారీ రాకముందే కంపెనీకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలడగండి. నూటికి ఎన్ని పాళ్లు కలుపుతున్నారు, దేనితో చేసింది, ఫిల్టరు ఎవరు మారుస్తారు. అంకె చెప్పకుండా ‘పర్యావరణ హితం’ అని మాత్రమే అంటే ఫోన్ పెట్టేసి ఇంకో కంపెనీకి చేయండి. రెండో ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం అమ్మ పక్కన లేకుండా చూసుకోండి.