అజ్ఞాతవాసి

పక్షిని గుర్తించుటకు గ్రంథ మొకటియు, దుర్భిణి యొకటియు నున్న చాలునని తలచువారు పెరడు లేనివారై యుందురు. పెరడును, పెరటిగోడ కావల ఇరుగుపొరుగును గలవా రట్లు తలపరు. సలీం అలీగారి భారతపక్షుల గ్రంథము 1941లో వెలువడినది మొదలు ఎందరు పెద్దమనుష్యులు కాఫీ చల్లారుటయు గమనింపక కిటికీకడ నిలిచిపోయిరో చెప్పజాలను. పిచ్చుక, పిగిలిపిట్ట, గోరింక, కాకి మొదలగు తెలిసిన పక్షులను కొలబద్దలుగా నిలిపి, తెలియని పక్షి వానికంటె పెద్దదో చిన్నదో తేల్చుట ఆ గ్రంథము మనకు చేసిన మహోపకారము. అయితే కొలువబడు పక్షి కొలబద్ద ప్రక్కకు వచ్చి కూర్చుండవలెనను నియమ మేదియు పక్షులకు లేదు.

చైత్రమాసమున మా బొప్పాయిచెట్టుపై ప్రత్యక్షమైన పక్షి, గోధుమవన్నె దేహమున తెల్లని చుక్కలును, పొడుగుతోకపై తెల్లని అడ్డచారలును, ఎఱ్ఱని కన్నులును దాల్చి, విందునకు వచ్చిన వియ్యపురాలి ఠీవితో కూర్చుండి, పండిన కాయను మాకంటె ముందుగా రుచిచూచుచుండెను. పాలుపోయువాడు దానిని డేగపిల్లగా నిర్ణయించి, కోడిపిల్లలను దాచుకొనుడని, అవి ఎవరింటను లేకపోయినను, వీధియంతయు హెచ్చరించిపోయెను. ప్రక్కింటి బామ్మగారు జెముడుకాకియే యని చేతులు జోడించిరి. పట్నవాసము చేసిన వారి అల్లుడు సైబీరియానుండి వచ్చినదని తీర్పుచెప్పెను. నడివేసవిలో వచ్చుట యేమని నేనడుగగా, "దారి తప్పిందండీ మాస్టారూ" అనెను. తెలియని పక్షి నెల్ల సైబీరియాకు అప్పగించుట మనవారికి పరిపాటి.

ఇంతలో కాకి వచ్చెను. దుర్భిణి లేకయే, గ్రంథము విప్పకయే, ఒక్క కూత కూసి ఆ పొడలదానిపై బడెను. రెండును ఇంచుమించుగ ఒక్క పరిమాణమున నుండుటయు, తరుమబడునది కొంత సన్ననిదై తోక పొడుగుగా నుండుటయు అప్పుడు గదా కంటబడినది! అది "కిక్ కిక్ కిక్" మని కీచుగొంతున నరచుచు వేపకొమ్మలలో దూరెను. అవతలి మామిడిపై నల్లనివాడొకడు "కూ" యని పంచమ మెత్తుకొనెను. గ్రంథము తెరచితిని: ఆడకోయిల.

"కోయిల నల్లగా ఉంటుంది గదా నాయనా, ఈ పొడలపిట్ట కోయి లేమిటి?" అనిరి బామ్మగారు. 1758లో లిన్నేయస్ మహాపండితుడే నల్లదాని కొక పేరును, పొడలదాని కింకొక పేరును పెట్టి, ఆ దంపతులను రెండు జాతులుగా విడదీసియుండ, బామ్మగారి నాక్షేపించుటకు నా కేమి అధికారము? మన కవు లింకను నొక యడుగు ముందునకు వేసిరి. "కూ" యని పాడువాడు మగవాడై యుండ, ఆ మాధుర్యమంతయు కావ్యనాయికల కంఠములకు ధారవోసి, చుక్కలచీర ఇల్లాలివంక కన్నెత్తియైన చూచినవారు కారు. ఆమెకును సంగీతమునకు తీరిక లేదు. కాకిగూడు కావలిలేని వేళ కనిపెట్టి గుడ్డు పెట్టిరావలెను. ఆ కాకియు విచిత్రమైన విద్వాంసురాలే: పెరటిలో ఆడకోయిలను దూరముననే పోల్చి తరుమునది, తన గూటిలోని దాని గుడ్డును మాత్రము పోల్చజాలక పొదిగి, పిల్లకు మేతపెట్టి పోషించును.

అల్లు డంతయు సావధానముగా వినెను. "అదేనండీ నేనూ అన్నది, మగది మన ఊరిదే, పెళ్లాన్ని మాత్రం సైబీరియా నుంచి తెచ్చుకుంది."