నన్ను చింపిన నాటి నుంచి

నేను ముతక నూలు చీరను. మద్దేడ్ అంగడికి గోదావరి అవతలి నుంచి మూటలు తెచ్చే ఒక బట్టల వ్యాపారి దగ్గర ఈ ఇంటి అమ్మ నన్ను బేరమాడి కొన్నది. తునికాకు కోతకూ, ఇప్పపువ్వు ఏరడానికీ నన్నే కట్టుకుని వెళ్లేది. ఉతికీ ఉతికీ రంగు వెలిసి, అంచు దారాలు లేచి, ఒళ్లంతా మెత్తబడ్డాక కట్టడం మానేసింది. పారేయలేదు మాత్రం. మడిచి ట్రంకు పెట్టె అడుగున దాచింది. ఆడపిల్ల ఎదుగుతున్న ఇంట్లో మెత్తబడిన నూలు చీరను స్టీలు సామాన్లవాడికి ఎవరూ వేయరు. చెమట పీల్చని పాలిస్టర్ చీరలు పురుటికి పనికిరావు కాబట్టి వాటికి గిన్నెలొస్తాయి. నా పాత స్నేహితురాళ్లలో ముగ్గురు అలా గిన్నెలైపోయారు.

పిల్లను ఏటూరునాగారం వైపు ఇచ్చారు. మద్దేడ్ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాదే అయినా, తెలుగు మాట్లాడే ఇళ్ల వియ్యాలు గోదావరి దాటి సాగడం కొత్తేమీ కాదు. పిల్ల నెల తప్పిందని తెలిసినప్పటి నుంచీ రెండు ఇళ్ల మధ్య ఒకటే వాదన. తొలి కాన్పు పుట్టింట్లోనే అని అమ్మ. ఇక్కడే కంటే కిట్టొస్తది కదా అని అత్తమ్మ. పెద్ద కోడలి కాన్పుకు వచ్చిన కిట్టు ఆమె కళ్లలో ఇంకా మెదులుతూనే ఉంది.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో మొదలుపెట్టిన కేసీఆర్ కిట్టు అది. సర్కారు దవాఖానాలో కంటే 16 రకాల వస్తువులు, విడతల వారీగా మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు ఇచ్చేవారు. పెట్టెలోకి అమ్మ గొంతూ ఫోన్‌లో పిల్ల గొంతూ బాగానే వినపడతాయి. ఒకరోజు పిల్ల ఆ వస్తువుల పేర్లు వరసగా చదివింది. దోమతెర, సబ్బు, నూనె, పౌడరు, డైపర్లు, ఆటబొమ్మ. తల్లికి చీరలు, సబ్బులు. వింటున్నంతసేపూ నాకొకటే అనుమానం, కన్నదెవరని.

కిట్టును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఫిన్లాండ్‌లో 1938 నుంచే పేద తల్లులకు పసిబిడ్డ బట్టలతో పెట్టె ఇస్తున్నారట. 1949లో దాన్ని అందరికీ వర్తింపజేసి, ముందుగా వైద్య పరీక్షకు వచ్చినవాళ్లకే అని షరతు పెట్టారు. పెట్టెకు ఆశపడైనా దవాఖానా గడప తొక్కుతారని. ఏ దేశపు అధికారి బుర్రైనా ఈ విషయంలో ఒకేలా పనిచేస్తుందేమో.

చివరికి అమ్మ మాటే నెగ్గింది. ఏడో నెలలో పిల్ల మద్దేడ్ వచ్చేసింది. రాగానే ఫోన్‌లో ఒక పట్టీ రాసుకుంది. టోపీలు, మేజోళ్లు, దుప్పటి, బేబీ వైప్స్, ఊయల... అంతా బిడ్డకే. అమ్మ పట్టీ నోటిమీదే ఉంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, వెల్లుల్లి, పాత బెల్లం, నువ్వుల నూనె. బాలింత కాయానికి ఇవి లేకపోతే ఇల్లు ఇల్లే కాదంటుంది. ఇక రక్తం సంగతికి వస్తే, 'పెట్టెల చీర ఉన్నది కదా' అని నావైపు చెయ్యి చూపింది.

అప్పుడొచ్చింది ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్. దేశానికి ఆశా కార్యకర్తలు 2005లో వస్తే, ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌లు 2002 నుంచే ఇళ్లకు తిరుగుతున్నారు. ఈమెకు గుడ్డ మీద కోపమేమీ లేదు. కానీ ఒక ప్రశ్న అడిగింది.

'ఎంత రక్తం పోయిందో ఎట్ల తెలుస్తది?'

అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది కానీ నన్నెవరడిగారు? నా మడతల్లో ఎంత ఇంకినా పైకి తేలదు. ఒక మడత తిప్పేస్తే లోపలిది కనపడకుండా పోతుంది. అందుకే ఎన్నో ఇళ్లలో గుడ్డలు తడుస్తూనే ఉన్నా, బాలింత కళ్లు తిరిగి పడిపోయేదాకా ఎవరూ గమనించలేదు. 'మొదటి దినాలు పెద్ద ప్యాడే పెట్టు బిడ్డా. గంటకొకటి తడిసి మార్చాల్సొస్తే, పెద్ద పెద్ద గడ్డలు పడితే, ఎవరినీ అడగకు, 102కు ఫోన్ చెయ్యాలె' అన్నది మితానిన్.

తల్లీకూతుళ్లు భూపాలపట్నం వెళ్లి మందుల దుకాణం ముందు చాలాసేపు నిలబడ్డారట. కౌంటర్ దగ్గర మగవాళ్లుంటే పిల్ల నోరు పెగల్లేదు. అమ్మే అడిగింది. ధర విని నోరు నొక్కుకుంది కూడా. సన్నవి వద్దు, పెద్దవి కావాలి. పూల వాసనవి వద్దు. పైపొర జాలీలా కాక దూదిలా ఉండాలి, లేకపోతే కుట్లకు రాసుకుంటుంది. ఇవన్నీ మితానిన్ చెప్పి పంపినవే. వదులు లోదుస్తులు కొని, కాగితంలో చుట్టించుకుని వచ్చారు. కుట్లు కడుక్కోవడానికి ఇంట్లో ఒక చెంబును విడిగా తీసిపెట్టారు.

మర్నాడు నన్ను చింపారు. నొప్పేమీ లేదు. నూలు పోగు వెంట గాటు పెట్టి లాగితే చర్రున తిన్నగా చిరుగుతాను. అన్ని ముక్కల్నీ సబ్బుతో ఉతికి, మరిగించి, అమ్మ అలవాటు కొద్దీ దొడ్లో గొంగళి కింద, ఎవరికీ కనపడకుండా ఆరేసింది. జీవితమంతా మమ్మల్ని అలాగే ఆరేస్తారు. తడి వాసనతో, చీకట్లో, దొంగతనం చేసినట్టు. మితానిన్ చూసి అన్నింటినీ తీసి ఎర్రటెండలో దండెం మీద వేసింది. పక్కింటివాళ్లు చూశారు. ఏమీ కాలేదు.

కాన్పు దవాఖానాలోనే అయింది. ఆడపిల్ల. జననీ సురక్ష కింద పల్లెటూరి తల్లికి వచ్చే 1,400 రూపాయల కోసం బ్యాంకు కాగితాలు నింపుతుంటే, నాలో రెండు ముక్కలు పసిదాన్ని తుడిచి, చుట్టి, తల్లి రొమ్ము మీదికి చేర్చాయి. మిగతా ముక్కలన్నిటికన్నా వాటికే గర్వం ఎక్కువ.

పొడవాటి ముక్క నడికట్టు అయింది. బిగిస్తే పొట్ట లోపలికి పోతుందని అమ్మ గట్టిగా లాగి కట్టింది. నర్సు వచ్చి వదులు చేసింది. గర్భసంచి ఆరు వారాల్లో తనంతట తానే సర్దుకుంటుంది, నేను నొక్కితే లోపలికి పోయేది కాదు. లేచి కూర్చునేటప్పుడు నడుముకు కాస్త ఆసరా ఇస్తాను, నా పని అంతే. ఇన్ని తరాలుగా నాకు కట్టబెట్టిన గొప్పను ఇలా వదులుకోవడానికి నాకే కొంత ఇబ్బందిగా ఉంది.

ఇంటికొచ్చాక కాయం దగ్గర గొడవ రాలేదు, నీళ్ల దగ్గర వచ్చింది. బాలింతకు నీళ్లిస్తే పొట్ట పెరుగుతుందని అమ్మ చెంబు దాచేది. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, తాగనివ్వాలి. తలుపులన్నీ మూసి మంచం కింద కుంపటి పెట్టబోతే పిల్లే ఒప్పుకోలేదు. మూసిన గదిలో బొగ్గుల పొగ తల్లికీ బిడ్డకీ ప్రాణాంతకం. కుంపటి వాకిట్లోకి పోయింది.

మితానిన్ మూడో రోజు నుంచి 42వ రోజు దాకా వచ్చిపోతూనే ఉంది. పసిదాన్ని తూకం వేసి అక్కడితో ఆగేది కాదు. ఎరుపు తగ్గిందా, వాసన ఉందా, జ్వరం వచ్చిందా, ఐరన్ మాత్రలు మింగుతున్నావా అని తల్లిని అడిగేది. ఆ మాత్రలు ఆరు నెలలు వేసుకోవాలి. ఫోన్‌లోని పట్టీలో వాటి పేరు లేనే లేదు.

మొన్న పక్కింటామె వచ్చింది, కోడలికి నెలలు నిండుతున్నాయని. 'చీర ముక్కలేమన్న మిగిలినయా వదినా?'

'నడికట్టుకు ఇస్త తీస్కపో. మిగిలినదానికి భూపాలపట్నంల ప్యాడ్లు కొనుండ్రి. పెద్ద సైజువి. పూల వాసనవి తేకుండ్రి, మంట పుడ్తది' అన్నది అమ్మ, ధర మాత్రం ఎత్తకుండా.